మామ కారు, నాలుగు నిమ్మకాయలు

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. సరే, చెప్తాను. మా మామ తన కారును బాగా చూసుకునేవాడు. మంచి అయిపోయింది. ఇక మిగతాది చెప్తాను.

మామ అంటే మా మేనత్త భర్త, బాపుకు అక్క మొగుడు. మంచిర్యాల అవతల బొగ్గుబాయిల టౌన్‌షిప్‌లో కంపెనీ స్టోర్స్ గుమాస్తాగా చేసి, రిటైరయ్యాక లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగమంతా ఫ్యాను కింద గడిచింది. ఒక్కరోజు బాయిలోకి దిగిన పాపాన పోలేదు. కానీ బస్సులో పక్క సీటువాడితో మాట కలిపాడంటే, ఈ జిల్లా బొగ్గంతా తానొక్కడే తవ్వి నెత్తిన మోసి పైకి తెచ్చినట్టుండేది.

మొన్న ఆదివారం పొద్దున అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అంది. ఆ సమయానికి నేను కరీంనగర్‌లో మా ఇంటి ముందు నా కారు బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్లను పాత బనీను గుడ్డతో తుడుస్తున్నాను. ఆదివారం పొద్దున ఆయిల్ చూడటం ఆయన అంటించిన జబ్బే. పోయిన రోజు కూడా నా చేత క్లాసు ఎగ్గొట్టనివ్వలేదు మహానుభావుడు.

మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఇంట్లో, వీధిలో, నిద్రలో కూడా మగ్గాల చప్పుడే. అత్తకు పిల్లల్లేరు. ఓసారి వచ్చి, "తమ్మీ, పోరిని నా దగ్గర ఉంచు. కంపెనీ స్కూల్ల మంచిగ చదువుకుంటది" అంది. బాపుకు వాళ్ల బావ అంటే దేవుడితో సమానం. ఇంగ్లీషు పేపరు చదువుతాడు, కంపెనీ క్వార్టర్‌లో ఉంటాడు, పైగా ఇప్పుడు కారు కూడా కొన్నాడు. నన్ను సంచీతో సహా తెచ్చి దింపేశాడు. అప్పుడు నేను రెండో తరగతి.

ఆ కారు, రిటైరై వెళ్లిపోతున్న ఓ ఆఫీసరు వదిలించుకున్నది. గుండ్రంగా, తెల్లగా, బాగా తిని కూర్చున్న షావుకారులా ఉండేది. మా క్వార్టర్ల వరుసలో అందరికీ సైకిళ్లు, ఇద్దరు ముగ్గురికి స్కూటర్లు. కారు మామకు ఒక్కడికే. దానికని ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి, అత్త చేత పాత దుప్పట్లన్నీ కలిపి ఓ తొడుగు కుట్టించాడు. చలికాలంలో నాకూ అత్తకూ కలిపి ఒకటే దుప్పటి మిగిలింది.

ఆ కారులో ఎక్కడికీ పోయేవాళ్లం కాదు. ఎందుకు పోమంటే, ప్రపంచంలో ఏ రోడ్డూ మామ కారుకు తగినది కాదు. నిర్మల్ ఘాట్ ఎక్కితే ఇంజన్ వేడెక్కుతుంది. భైంసా వైపు పత్తి బండ్లు గీరుకుపోతాయి. లక్సెట్టిపేట రోడ్డంతా దుమ్ము. మెట్‌పల్లిలో అత్త చిన్నాయన బిడ్డ పెళ్లి వస్తే, షెడ్డులో కారు ఉండగా మేం ముగ్గురం బస్సులో, అదీ నిలబడి పోయాం.

"ఇంట్ల బండి ఉండంగ గీ బస్సుల తొక్కిసలాట ఏందయ్యా?" అంది అత్త, ఓ పెద్దాయన మోచెయ్యి ఆమె పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే.

"గా మెట్‌పల్లి గుంతలల్ల నా బండిని తిప్పుతననుకున్నవా? దిమాక్ ఉన్నదా నీకు?" అన్నాడు మామ. ఆయనకు మాత్రం సీటు దొరికింది.

వారానికోసారి ఎదురు క్వార్టర్ డ్రైవరన్న వచ్చి ఇంజన్ స్టార్ట్ చేసిపెట్టేవాడు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే పెద్ద డంపర్లు నడిపేవాడు ఆయన. ఆ కాసేపు మామ వెనక సీట్లో ఎడమవైపు కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. కదలని కారులో, ఎటో పోతున్నవాడిలా కిటికీలోంచి బయటికి చూస్తూ. "మామా, నువ్వు ముందు కూసోని నడపవా?" అని అడిగితే, "ఓనర్ అన్నోడు ముందట కూసుంటే ఇజ్జత్ ఉండది కోడలా" అన్నాడు. నేను నమ్మాను. ఆ వయసులో ఏం చెప్పినా నమ్ముతాం కదా.

ఇక ఆయన గురుత్వం సంగతి. ఆదివారం పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల లుంగీ, తెల్ల బనీను వేసుకుని, బానెట్ పక్కన కుర్చీ వేయించుకునేవాడు. చేతిలో పాడైపోయిన రేడియో ఏంటెన్నా. దాన్ని సర్రున లాగి పొడుగు చేసి ఇంజన్లో ఒక్కో చోటా చూపించేవాడు. మసి అంటే ఆయనకు మహా అసహ్యం. ఆ కారును అన్నేళ్లు అంటిపెట్టుకుని ఉండి కూడా ఆయన గోళ్లలో నలుపు నేనెప్పుడూ చూడలేదు. చేతులు పెట్టేది నేను. బోర్లించిన బకెట్ మీద నిలబడి, నడుము దాకా లోపలికి వంగి పెట్టేదాన్ని.

"గిదేంది?"

"రేడియేటర్."

"దాంట్ల ఏముంటది?"

"నీళ్లు."

"ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు మూత తీస్తవా?"

"తియ్య."

"తీస్తే ఏమైతది?"

"మొఖం కాల్తది."

"ఎవరి మొఖం?"

"నా మొఖం మామా."

"శభాష్!" అనేవాడు. నా ముఖం కాలుతుందంటే అంత సంతోషం ఆ మనిషికి.

ఆయిల్ పుల్లను ఆయన 'నాలిక' అనేవాడు. "డాక్టర్ నాలిక చూసినట్టు చూడాలె. ఒక్కసారి తీసి చూసుడు కాదు. తీసుడు, తుడుసుడు, మళ్ల పెట్టుడు, మళ్ల తీసుడు. గప్పుడు నిజం చెప్తది" అనేవాడు. నిజం చెప్పే నాలిక గురించి పాఠం చెప్పింది ఎవరో చూడండి. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చక్రం విప్పడం ఇంకో పాఠం. బండి నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేసుకోవాలి, జాకీ ఎక్కించాక కాదు. నా చేతుల బలం చాలదు కాబట్టి నట్టుకు పానా తగిలించి, దాని కడ్డీ మీదికెక్కి గంతులు వేసేదాన్ని. ఒక్కోసారి నట్టు కదిలేది, ఒక్కోసారి నేనే జారి కంకర మీద పడేదాన్ని. "నట్టు చూడు, నట్టు చూడు" అని కుర్చీలోంచి అరిచేవాడు. మోకాలు చూసుకో అని మాత్రం ఎప్పుడూ అనలేదు. అత్త పసుపు పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేది.

టైరును కడ్డీతో కొట్టి చప్పుడును బట్టి గాలి చెప్పడం, బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొట్టును గోరువెచ్చని నీళ్లతో కడగడం, బ్రేక్ ఆయిల్ సీసాలో గీత దాకా ఉందో లేదో చూడటం, ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూడటం. నిజం చెప్పాలంటే పాఠాలు తప్పు కాదు. అదే నా కడుపుమంట. పూర్తిగా పనికిమాలిన మనిషైతే మరిచిపోయి సుఖంగా ఉండేదాన్ని.

అన్ని పాఠాలకూ చివర ఒకటే మాట. "నడుపుడేమున్నది, ఎవడైన నడుపుతడు. అరుసుకునుడు రావాలె." బాగోగులు చూసుకోవడమన్నమాట.

కానీ నాకు కావలసింది నడుపుడే. ఆ సన్నటి, పెద్ద, నల్లటి స్టీరింగ్ చక్రం నాకు కలలోకి వచ్చేది. దాని కోసమే మసి పూసుకున్నాను, దాని కోసమే మోకాళ్లు చెక్కుకున్నాను.

"స్టీరింగ్ ఎప్పుడిస్తవ్ మామా?"

"అన్ని పాఠాలు వచ్చినంక ఇస్త."

"అన్నీ వచ్చినై గద?"

"ఇంకొకటున్నది."

ఆ ఇంకొకటి ఎప్పుడూ ఉండేది.

ఇప్పుడు దసరా సంగతి చెప్పాలి. మా దిక్కు దసరా రోజు బండి ఉన్నవాళ్లంతా దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వాటి మీదుగా బండిని తోలుతారు. నిమ్మకాయ చితికితే దిష్టి పోయినట్టు. మామ ఇందులో ఒకటి అదనంగా చేర్చాడు. కొట్టిన కొబ్బరికాయ నీళ్లను చెంబులో పట్టి, పంతులులా పెదాలు కదుపుతూ రేడియేటర్లో పోశాడు. "బండికి చలువ" అన్నాడు. నేను వచ్చిన మొదటి దసరాకు ఆ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

కొన్నాళ్లకు కారులోంచి పులిసిన వాసన మొదలైంది. మెకానిక్‌ను పిలిపిస్తే మూత తీసి రెండడుగులు వెనక్కి గెంతాడు. "సార్, దీంట్ల ఏం పోసిండ్రు? కుడితి గోలెం లెక్క వాసనొస్తుంది" అన్నాడు. మామ కళ్లజోడు సవరించుకుని, కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, నా వైపు చూశాడు. "పిల్లలున్న ఇల్లు. ఏం పోసిండ్రో ఏమో" అన్నాడు. ఇంట్లో ఉన్న పిల్లను నేనొక్కదాన్నే. అత్త చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది, చీపురు తీసుకుని లోపలికి పోయింది. నాకు నిజంగానే అనుమానం వచ్చింది, నేనే ఏదైనా పోశానేమోనని. పిల్లల బుర్ర అలాంటిది, పెద్దవాళ్లు చెప్తే చేయని తప్పును కూడా వెతుక్కుంటుంది.

రెండో దసరా వచ్చింది. ఈసారి హడావుడి ఎక్కువ. మెట్‌పల్లి నుంచి చుట్టాలు దిగారు. మామ కొత్త పంచె కట్టాడు. కారుకు బంతిపూల దండ, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మా క్వార్టర్ ఎత్తు మీద ఉంటుంది. గేటు దాటితే సందు కిందికి వాలుగా పోయి ఓ ఖాళీ జాగాలో కలుస్తుంది. అక్కడ మా వరుసవాళ్లంతా కలిసి తెచ్చుకున్న మేకను కోసి, టార్పాలిన్ పరదా పరిచి, మోదుగాకుల మీద ఇంటికో పోగు చొప్పున కూర, అంటే మాంసం, పెడుతున్నారు. జనమంతా గిన్నెలు పట్టుకుని అక్కడే ఉన్నారు.

డ్రైవరన్న రాలేదు. గనిలో ఏదో పని పడి షిఫ్టుకు పిలిచారని వాళ్లావిడ వచ్చి చెప్పి పోయింది.

"అయితే ఏమాయె, నువ్వే తోలు బావా" అన్నాడు మెట్‌పల్లి నుంచి వచ్చిన అత్త చిన్నాయన కొడుకు. "రెండడుగులే గద."

అందరూ మామ వైపు చూశారు. మామ ఆకాశం వైపు చూశాడు. పంచె కుచ్చిళ్లు సర్దుకున్నాడు. టైము చూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే అదంతా నాకు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఎందుకంటే ఆ క్షణంలోనే ఆయన చెయ్యి నా నెత్తి మీద పడింది.

"ఇయ్యాల నా శిష్యురాలు తోలుతది," అన్నాడు గట్టిగా, ఊరంతటికీ వినపడేలా. "పాఠాలన్ని అయిపోయినై. మాటిచ్చిన. స్టీరింగ్ ఇస్తున్న."

నా సంతోషం ఏమని చెప్పను! దసరా కొత్త గౌను వేసుకుని ఉన్నాను. ఎగిరి ముందు సీట్లో కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో దండ తప్ప ఏమీ కనపడటం లేదు. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. స్టార్ట్ చేయక్కర్లేదట. నలుగురు వెనక నుంచి తోస్తారట, నేను స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే చాలట. మామ కిటికీ దగ్గరికి వచ్చి లోపలున్న కడ్డీ చూపించాడు. "దాని గుండీ ఒత్తి కిందికి దించు" అన్నాడు. దించాను. మళ్లీ పైకి లాగితే బండి ఆగుతుందని చెప్పలేదు.

వెనక నుంచి తోశారు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాలంటే చేతులు బండి మీంచి తీయాలి కదా, తీశారు. కారు ఆగలేదు.

గేటు దాటింది. సందులో పడింది. "పట్టుకోండ్రి, పట్టుకోండ్రి" అని వెనక అరుపులు. బ్రేక్ ఆయిల్ సీసా ఎక్కడుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. దాంట్లో ఆయిల్ ఏ గీత దాకా ఉందో ఆ పొద్దునే చూశాను. బ్రేకు ఎక్కడుంటుందో మాత్రం నాకెవరూ చూపించలేదు. చూపించినా నా కాలు అందేది కాదు. కారు నేరుగా పోయి, జనం గిన్నెలు వదిలేసి చెల్లాచెదురవుతుంటే, పరదా మీద పెట్టిన కూర పోగులన్నింటి మీదుగా ఎక్కి దిగి, అవతల ఇసుక కుప్పలో మూతి పెట్టి ఆగింది. నా గడ్డం స్టీరింగ్‌కు కొట్టుకుని పగిలింది. కుట్ల మచ్చ ఇప్పటికీ ఉంది. దేవుడి దయ, ఇంకెవరికీ ఏమీ కాలేదు.

మామ పంచె ఎగ్గట్టి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముందు బంపర్ చూశాడు. తర్వాత జనాన్ని చూశాడు. నన్ను చూడనేలేదు.

"బ్రేక్ తొక్కు, బ్రేక్ తొక్కు అని నెత్తి నోరు కొట్టుకుంటి. పోరి తొక్కలే" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో కథ తయారైపోయింది. పండగ పూట కూర పోయిన కోపంలో ఉన్నవాళ్లకు తప్పు ఎవరిదో తెలిస్తే చాలు, విచారణ ఎవరికి కావాలి?

మర్నాడు బాపు బస్సెక్కి వచ్చాడు. నా కట్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత వరుసవాళ్లందరి ముందు, మామ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది బావా. పోరి ఆగం జేసింది. మనసుల పెట్టుకోకు" అన్నాడు. రోజుకు పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడే మనిషి, ఎవరి దగ్గరా ఓ మాట పడని మనిషి, నా కోసం చేతులు జోడించాడు. మామ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. "సరే తీ, పిల్లలన్నంక గట్లనే ఉంటది" అన్నాడు పెద్దమనసుతో. ఎంత పెద్ద మనసు! నేను నోరు తెరవబోతే అత్త నా భుజం గట్టిగా నొక్కింది. "లోపలికి నడువు బిడ్డా" అంది. నా బట్టలు అప్పటికే సంచీలో సర్దేసి ఉన్నాయి. కంపెనీ స్కూలు అంతటితో సరి.

సిరిసిల్ల బస్సులో బాపుతో చెప్పాను. "మామ నాకు బ్రేకు చూపియ్యనే లేదు బాపూ."

"గట్లనద్దు బిడ్డా. గంత పెద్దమనిషి అబద్ధమాడుతడా?" అన్నాడు బాపు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా, ఏ చావుకు పోయినా, "కూర మీదికి బండి ఎక్కిచ్చిన పోరి" అని నన్ను చూపించేవాళ్లు. నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వేవాడు, అందరికన్నా ముందు. ఆయన కారు నడపలేదేమని అడిగిన మనిషి లేడు. డ్రైవరన్నకు బదిలీ అయ్యాక ఆ కారు షెడ్డులోంచి కదలనే లేదు. రిటైరయ్యాక లారీ మీద ఎక్కించి లక్సెట్టిపేటకు తెచ్చుకున్నాడు. నడిచే కారును లారీ మీద తెచ్చుకున్నా ఎవరికీ అనుమానం రాలేదంటే, మా చుట్టాల తెలివికి ఓ దండం.

నేను పెద్దయ్యాక కరీంనగర్‌లో ఓ రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం తెచ్చుకున్నాను. డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మొదటి రోజు మాస్టారు మొదట చూపించింది బ్రేకు. అది చూపించడానికి ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తర్వాత ఓ చిన్న కారు కొనుక్కున్నాను. అవ్వాబాపులను, అంటే అమ్మానాన్నలిద్దరినీ, తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. అవ్వ హాయిగా ముందు కూర్చుంటుంది. బాపు మాత్రం వెనక సీట్లో, సరిగ్గా నా వెనక. తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, బండి కదిలిన దగ్గర్నుంచి దిగేదాకా ఒకటే జపం. "బ్రేకు మీద కాలుంచు బిడ్డా. బ్రేకు మర్చిపోకు." నేనెన్నేళ్లు నడిపినా, ఒక్క గీత పడకపోయినా, ఆయన కళ్లకు నేను ఇంకా ఆ ఇసుక కుప్పలోనే ఉన్నాను. మామ నాకు చేసిన అన్యాయాల్లో నేను ఎప్పటికీ క్షమించనిది ఇదే. ఊరు నవ్వితే నవ్వనీ. బాపుకు నా మీద నమ్మకం లేకుండా చేశాడు.

రెండేళ్ల కింద మామకు కళ్లలో పొర వస్తే, కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపొమ్మని అత్త అడిగింది. లక్సెట్టిపేట పోయాను. మామ బయటికి వచ్చి, నా కారు చుట్టూ ఓ తిరుగుడు తిరిగి, చేతికర్రతో టైరు మీద టంగున కొట్టి విన్నాడు. వెనక తలుపు తీసుకుని ఎడమవైపు కూర్చున్నాడు. కాలు మీద కాలు.

దారి పొడుగునా పరీక్షే. "ఆయిల్ చూసినవా? కూలెంట్ ఏ రంగుది పోసినవ్? బెల్టు ఒత్తి చూసినవా?" ధర్మపురి దగ్గర చాయ్ తాగడానికి ఆగితే, చాయ్ పోసే అతనితో కర్రతో నన్ను చూపించి, "నా శిష్యురాలు. కారు నడుపుడు నేనే నేర్పిన" అన్నాడు. వేడి చాయ్ ఆయన తెల్ల చొక్కా మీద పోయాలన్న కోరికను ఎలా అణుచుకున్నానో నాకే తెలియదు.

మళ్లీ రోడ్డెక్కాక అద్దంలో ఆయన్ను చూస్తూ అడిగేశాను. ఇద్దరమే ఉన్నాం, అడిగేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. ఒక్క మాట చెప్తే చాలు, నేను పోయి బాపుకు చెప్పుకుంటాను.

"మామా, నిజం చెప్పు. నీకు కారు నడుపుడు వస్తుండెనా?"

మామ కిటికీలోంచి పొలాలు చూశాడు.

"ఏసీ జర తక్కువ జెయ్యి కోడలా. చలి పెడుతుంది" అన్నాడు.

తగ్గించాను.

మొన్న ఆదివారం బాపును ఎక్కించుకుని లక్సెట్టిపేట చేరేసరికి మామను అరుగు మీద పడుకోబెట్టారు. పక్కనే షెడ్డులో ఆ కారు, దుప్పట్ల తొడుగు కింద, గాలిపోయిన నాలుగు టైర్ల మీద కూలబడి ఉంది. మగవాళ్లు బయట కుర్చీల్లో కూర్చుని ఆయన గొప్పలు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి ఎవరో అన్నారు. "గీమెకు కారు నడుపుడు నేర్పింది గాయినే. అప్పట్ల ఆడపోరికి నేర్పుడంటే మాటలా?"

బాపు తల ఊపాడు. నేను లోపలికి పోయి స్తంభం దగ్గర నిలబడ్డాను.

మా దిక్కు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయిన మనిషి చేసినవన్నీ ఒక్కొక్కటి రాగం తీసి చెప్తూ ఏడుస్తారు. అత్త మామ కాళ్ల దగ్గర కూర్చుని అప్పటికే ఆయన ఉద్యోగం, ఆయన ఇల్లు, ఆయన ఇస్త్రీ బట్టలు అన్నీ ఏడ్చింది. నన్ను చూసింది. ఓ క్షణం ఆగింది. మళ్లీ ఎత్తుకుంది.

"ముద్దుగ కారు కొంటివి నా దేవుడా… దానికి బొట్టు పెడితివి, బట్ట కప్పితివి… నడుపుడు నేర్వకపోతివి నా దేవుడా… రాదని ఒక్కనికి చెప్పకపోతివి…"

ఏడుస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"పసిపోరిని కూసోవెడితివి… బ్రేకు చూపియ్యకపోతివి… తప్పు దాని నెత్తిన ఏస్తివి నా దేవుడా… నా తమ్మునితోని చేతులు జోడిపిస్తివి…"

"ఊకో వదినా, ఊకో. గిప్పుడు గవన్ని ఎందుకు?" అని ఎవరో ఆమె నోటి మీద చెయ్యి పెట్టబోయారు. అత్త ఆ చెయ్యి విసిరికొట్టింది.

"నీ ఇజ్జత్ కోసం నోరు మూసుకుంటిని నా దేవుడా… ఇగ ఎవలి కోసం మూసుకోను…"

బయట మగవాళ్ల మాటలు కూడా ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది. బాపు లేచాడు. ఆడవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముఖం తెల్లబోయి ఉంది.

"గప్పుడు బస్సుల నువ్వు చెప్పిందే నిజమా బిడ్డా?"

"నిజమే బాపూ."

"బ్రేకు చూపియ్యనే లేదా?"

"చూపియ్యలే."

శవాన్ని లేపే ముందు అందరూ వరుసగా వచ్చి చేతులు జోడించి దండం పెట్టారు. బాపు వంతు వచ్చింది. బావ ముఖం వైపు చాలాసేపు చూశాడు. చేతులు లేవలేదు. భుజం మీది తువ్వాల సరిచేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం బయల్దేరాం. నేను అలవాటుగా వెనక తలుపు తీసి పట్టుకున్నాను. బాపు దాన్ని మూసేసి, ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. గోదావరి బ్రిడ్జి మీద ఎదురుగా లారీ వచ్చింది. ఆయన ఏదో అంటాడని చూశాను. ఏమీ అనలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోయాడు. నా బండిలో బాపు నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ధర్మపురి దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆయన లేవకూడదని బ్రేకు మెల్లగా తొక్కాను.